కలిసొచ్చిన బూట్లు

పరాయి దేశపు నత్తను పసిగట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. నలుగురూ ఆయన్ని నత్తల ఆఫీసరు అనేవారు.

నత్తంటే ఎంతనుకున్నారు? ఆవగింజంత. వాగులో చేరిందంటే మాత్రం నాచంతా మేసేసి చేపల నోట్లో మట్టి కొడుతుంది.

ఆయన మోకాళ్ళదాకా బూట్లేసుకుని, ఈ వాగు తడి ఆరకముందే ఆ వాగులో దిగేవాడు. గట్టునుంచి గట్టుకి తొక్కి చూసేవాడు. మొదటిసారి ఏమీ కనిపించేది కాదు.

"ఉంటాయి, ఎక్కడికి పోతాయి?" అనేవాడు ధీమాగా.

మరుసటేడు వెళ్తే చేటలకొద్దీ ఉండేవి! "ముందే ఎలా చెప్పావయ్యా?" అని పైవాళ్ళు పతకం మీద పతకం ఇచ్చారు.

ఆ బూట్లు కలిసొచ్చాయని ఆయనకు గట్టి నమ్మకం. కడగనిచ్చేవాడు కాదు.

"ఏమండీ, ఇల్లంతా కంపు. ఒక్కసారి జాడించనా?" అనేది ఇల్లాలు.

"చెయ్యి వేశావో! నా అదృష్టం కడిగేస్తావా?"

చివరికి ఆవిడ పుట్టింటి వాగు వంతొచ్చింది. ఆవిడ గుండెల్లో రాయి పడింది. నత్త దొరికిందా, వాగులో చేపలవేట ఆపేస్తారు. నాన్న వలలు అటకెక్కాల్సిందే. ఆ ఇంటికి మరో ఆధారం లేదు.

"అల్లుడుగారూ, మా వాగొక్కటీ వదిలెయ్యండి," అని మామగారు బతిమాలాడు.

"డ్యూటీ డ్యూటీయే మామయ్యా," అంటూ ఆయన దిగి, తనివితీరా తొక్కి వచ్చాడు.

మరుసటేడు పెద్దాఫీసరును వెంటబెట్టుకుని మరీ వెళ్ళాడు. రాయి రాయీ తిరగేశాడు. నత్త కాదు కదా, దాని గుల్ల కూడా లేదు. ఆ ఏడాదిలో కొత్తగా దిగిన తక్కిన వాగుల్లోనూ అంతే. పెద్దాయన మొహం మాడ్చుకుని కారెక్కాడు. మామగారు వల భుజానేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు.

ఆఫీసరు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నా పని అయిపోయిందే. చూపు మందగించింది. ముక్కు కూడా పోయినట్టుంది, బూట్ల వాసనే తెలియట్లేదు."

"వయసొచ్చింది కదండీ," అంటూ ఇల్లాలు మంచినీళ్ళందించింది.

నిరుడు ఆయన వాగులో దిగేముందు, పుట్టింట్లో ఆ కంపుతో పరువు పోతుందని, ఆయన స్నానంలో ఉండగా ఆ బూట్లను సలసల కాగే నీళ్ళలో ముంచి తోమి, బకెట్టు అడుగున ఆవాలు పోసినట్టున్న నత్తల్ని చూసిన రోజునుంచీ, ఆవిడ ఆయన కంటపడకుండా ఆ బూట్లను ప్రతి ప్రయాణానికీ ముందు తోముతూనే ఉంది.