పొగ ఎటు వెళ్తోంది?

కారు స్టార్టు చేయగానే వెనక గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమంది.

మెకానిక్ షెడ్డు మూల స్టూలు మీద కూర్చున్న గళ్ళచొక్కా మనిషి లేచి వచ్చాడు. వంగి పొగ వాసన చూశాడు. తర్వాత వెనక అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

లోపల స్కూలు బట్టల్లో పాప, తల పట్టుకుని కూర్చుని ఉంది.

పాప తండ్రికి ఒళ్ళు మండింది. ఆఫీసులో ఆయన్ని అందరూ డిటెక్టివ్ అంటారు. కూరగాయలు కొన్నా త్రాసు కింద చెయ్యి పెట్టి చూసే రకం మరి.

"ఎవరతను?" అని మెకానిక్‌ని నిలదీశాడు.

"మనవాడే సార్. రోజూ వచ్చి కూర్చుంటాడు."

"పనివాడా?"

"కాదు." మెకానిక్ బానెట్‌లోకి తల దూర్చాడు. "పాత టర్బో బండి కదా సార్. ఇంజన్‌కి గాలి వెళ్ళే గొట్టం చీలింది. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతోంది. అందుకే నల్ల పొగ."

గొట్టం మార్చాడు. పొగ పలచబడింది.

"పోయింది సార్!"

"పోలేదు," అన్నాడు గళ్ళచొక్కా, కారు కింద నుంచి లేస్తూ. "ఎటు వెళ్తోందో చూశావా? సైలెన్సర్ పైపుకి వెనక సీటు కింద తుప్పు పట్టి చిల్లు పడింది. ఈ కారు ఇక్కడే వదిలేసి వెళ్ళండి సార్."

అదీ సంగతి! పాత కార్ల బ్రోకరన్నమాట. వంకలు పెట్టి చౌకగా కొట్టేద్దామని చూస్తున్నాడు.

"పాపకి తలనొప్పి వస్తుంటుందా?" అని మళ్ళీ అడిగాడు గళ్ళచొక్కా. "సెలవు రోజుల్లో బాగానే ఉంటుందా?"

డిటెక్టివ్ గతుక్కుమన్నాడు. ఇంటి సంగతులు వీడికెలా తెలిశాయి? పాపకి స్కూలున్న రోజే తలనొప్పి. ఆదివారం హాయిగా గెంతుతుంది. బడి ఎగ్గొట్టడానికి వేషాలని పొద్దున్నే గట్టిగా కసిరాడు కూడా.

"సార్, ఒక్కసారి కింద నేనూ చూస్తాను," అన్నాడు మెకానిక్.

"ఓహో, ఇద్దరూ కలిసే ఆడుతున్నారా నాటకం?"

"మీరు నా మాట వినండి. నేను..." అన్నాడు గళ్ళచొక్కా.

"నువ్వెవరో నాకు తెలుసు! మళ్ళీ ఇక్కడ కనిపించావంటే, కార్లలో పిల్లల్ని తొంగి చూస్తున్నావని పోలీసులకి చెప్తాను."

గళ్ళచొక్కా ముఖం పాలిపోయింది.

"పోనీ, అద్దాలన్నీ దించి నడపండి. పాపని ముందు కూర్చోబెట్టుకోండి," అని మెల్లిగా వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ పంతం కొద్దీ అద్దాలన్నీ ఎత్తేసి మరీ కారు తీశాడు.

స్కూలు ముందు ఆపాడు. "దిగమ్మలూ."

పలకలేదు.

"చాల్లే వేషాలు, లే!"

భుజం పట్టి కదిపితే తల పక్కకి వాలిపోయింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. "పొగ పీల్చింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అంది డాక్టరమ్మ.

సాయంత్రానికి పాప కళ్ళు తెరిచింది.

"నాన్నా, నేను వేషాలెయ్యలేదు."

ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు షెడ్డుకి పరుగున వెళ్ళాడు. "ఆయనేడీ? కాళ్ళు పట్టుకుంటాను, పిలిపించు."

"నిన్నే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడట సార్. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

"ఇంతకీ ఎవరాయన? బ్రోకరేనా?"

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"నేను పొగ తగ్గించి పంపిన కారులోనే వాళ్ళ పాప నిద్రపోయి మళ్ళీ లేవలేదు సార్. నన్ను ఒక్క మాటా అనలేదు. అప్పట్నుంచీ నా చేతి మీదుగా వెళ్ళే ప్రతి బండినీ ఇంకోసారి చూసి పంపడానికే రోజూ వచ్చి కూర్చునేవాడు."