పన్నెండో నిమిషం

పదేళ్ళ కిందట పోయేముందు తల్లి తనే కెమెరా పెట్టుకుని తీసుకున్న వీడియోను చిన్నకూతురు డిస్కులో దాచింది. పాత వీడియోలు భద్రపరచడమే ఆమె ఉద్యోగం. ఒకసారి రాస్తే చెరపడానికీ, చేర్చడానికీ వీలులేని డిస్కునే ఏరికోరి తెచ్చింది. నిడివి పదకొండు నిమిషాలు.

ఆ రాత్రి ఆఫీసులో ఒంటరిగా సరిచూస్తుంటే, పదకొండు నిమిషాలు దాటినా బొమ్మ ఆగలేదు. తల్లి తలుపు వైపు చూసి, "నా మందు సీసా ఎక్కడికే పట్టుకెళ్తున్నావ్, పెద్దదానా?" అంది.

తల్లి పోయిన రోజు ఊళ్ళోనే లేనని అక్క ఒట్టేసింది. పదేళ్ళుగా ఆ అక్క ఒళ్ళోనే తలపెట్టుకుని ఏడ్చింది తను.

ఫోన్ మోగింది. అక్క.

"చూశావా?"

"ఏంటక్కా?"

తెరమీద తల్లి సూటిగా తననే చూస్తూ, చెప్పొద్దన్నట్టు పెదవులపై వేలు పెట్టింది.