ఎక్కిళ్ళు మానిన కంప్యూటర్

ఆ ఆదివారం ఉదయం ముందుగదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: న్యాయస్థానంలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన తండ్రి, ఒడిలో బఠాణీల పళ్ళెంతో తల్లి, తన కంప్యూటర్ ఎదుట కొడుకు, గోడవారగా లాప్‌టాప్‌తో దంతవైద్యం చదువుతున్న కూతురు. గుమ్మంలో, ఇంకా బూట్లు విప్పుతూ, పెద్దల్లుడు.

వివాదం గది గురించి. కొత్తగా దిగిన ఈ ఇంట్లో ముందుగదికి రెండు కిటికీలున్నాయి. వెనుకగదికి లిఫ్టు మోటారు రొద ఉంది. ఎవరికి ఏదన్నది కార్ల పందెం ఆటలో తేల్చుకోవడానికి అన్నాచెల్లెళ్ళు ఒప్పుకున్నారు. మూడు పందేలు, రెండు గెలిచినవారిది ముందుగది. తండ్రి ఒప్పందాన్ని కాగితం మీద పెట్టాడు.

"ఎక్కిళ్ళు పెట్టే ఈ డొక్కు మీదే నిన్ను పద్నాలుగుసార్లు ఓడించాను. ఇది సవ్యంగా నడిస్తే కళ్ళు మూసుకుని గెలుస్తా," అన్నాడు అన్న.

"మూసుకో అన్నయ్యా, ఎవరొద్దన్నారు?" అంది చెల్లెలు.

ఎక్కిళ్ళ మాట నిజమే. పెద్ద మలుపు వచ్చిన ప్రతిసారీ అతని తెర మీద కారు అరక్షణం బిగుసుకుపోయి, తర్వాత ఒక్క గంతు వేసేది. గెలిచిన ప్రతిసారీ అతడు వాటినే తిట్టేవాడు. తన గెలుపు ఎంత గొప్పదో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు మరి.

"జరుగు బామ్మర్దీ. దాని సంగతి చూడ్డానికే వచ్చాను," అన్నాడు బావ, కుర్చీ లాక్కుంటూ.

"నేను పిలవలేదే. మీకెవరు చెప్పారు?"

"నీ మేలు కోరేవాళ్ళు. పేరు చెప్పొద్దన్నారు."

అన్న తల్లివైపు చూశాడు. ఆమె తలెత్తకుండా బఠాణీలు ఒలుస్తోంది. కన్నకడుపు కదా, అనుకున్నాడు.

బావ కంప్యూటర్ సెట్టింగులు తెరిచాడు. "ఆటకు మెమరీ చాలనప్పుడు ఇది డిస్కులో కాస్త చోటు వాడుకుంటుంది. ఎంత చోటో ముందే తేల్చకపోతే, సరిగ్గా మలుపులో ఉండగా కొలతలు మొదలెడుతుంది. అవే నీ ఎక్కిళ్ళు."

"పాలు పొంగుతుంటే పెద్ద గిన్నె కోసం వెతుక్కున్నట్టు," అంది తల్లి.

"అంతే అత్తయ్యా. పెద్ద గిన్నె ముందే పెట్టేస్తున్నా."

బావ రెండు అంకెలు మార్చి, వెనకాల ఊరికే నడుస్తున్న పదకొండు ప్రోగ్రాములు మూసి, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాడు. తానే ఒక చుట్టు నడిపి చూపించాడు. కారు నూనె మీద జారినట్టు పోయింది.

"నువ్వూ ఒకసారి చూసుకుంటావట్రా?" అన్నాడు తండ్రి.

"అక్కర్లేదు నాన్నా. ఆ దారి నాకు కంఠోపాఠం."

తండ్రి ఒప్పందానికి ఒక వాక్యం చేర్చాడు: యంత్రం బాగుపడినందున, ఓడినవారు యంత్రం మీద నెపం వేయరాదు. అందరికన్నా ముందు సంతకం చేసింది అన్నే.

మొదటి పందెంలో వంతెన మలుపు వచ్చింది. మూడు నెలల అలవాటు చొప్పున అతని వేళ్ళు అరక్షణం ముందే తిరిగాయి. కారు ఈసారి బిగుసుకోలేదు. చెప్పిన మాట చెప్పినట్టే విని, తిన్నగా నదిలోకి దిగింది.

"అంత ముందే తిప్పావేంరా?" అంది తల్లి.

"ఎక్కిలి వస్తుందనుకున్నానమ్మా."

"రాకూడదనేగా అంత గొడవ."

రెండో పందెంలో వేళ్ళను బలవంతాన బిగబట్టాడు. ఈసారి ఆలస్యమైంది, కారు గోడను కావలించుకుంది. చెల్లెలు ఎప్పటి వేగంతోనే, పన్ను పీకేటంత నింపాదిగా గీత దాటింది. మూడో పందెం అవసరపడలేదు.

అన్న కంప్యూటర్‌వైపు వేలు చూపించి ఏదో అనబోయాడు. తండ్రి ఒప్పందాన్ని అతనివైపు తిప్పి, చివరి వాక్యం మీద కలం ఆనించాడు.

"విజేత రెండు ముక్కలు మాట్లాడవచ్చు," అన్నాడు తండ్రి.

చెల్లెలు లాప్‌టాప్ మూసి, లేచి నిలబడి, గొంతు సవరించుకుంది.

"నిన్న నేను ఫోన్ చేసి అడగ్గానే కాదనకుండా వచ్చి, అన్నయ్య కంప్యూటర్‌కు ఎక్కిళ్ళు మాన్పించిన బావగారికి, ఈ సభాముఖంగా నా హృదయపూర్వక కృతజ్ఞతలు."