అడుగు కనిపించని నీళ్లు

"మేడమ్, ఈ నీళ్లలోకి పిల్లల్ని దింపకండి."

కనకలక్ష్మి వెనక్కి తిరిగింది. స్విమ్మింగ్ పూల్ గట్టు మీద ఎవరో అరవై దాటిన మనిషి.

మల్కాజ్‌గిరిలో ఆ అపార్ట్‌మెంట్‌కి ఆమె సెక్రటరీ. వారం నుంచి పూల్ నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. ఎంత క్లోరిన్ వేసినా తేటపడటం లేదు. ఆదివారం పిల్లలకు ఈత పోటీలు పెట్టింది. అసలే చిరాకుగా ఉంది.

"మీరెవరు?"

"జీవరాజు అంటారు. రోడ్డు మీద పోతూ కంచెలోంచి చూశాను. ఫిల్టర్‌లో ఇసుక మార్చి ఎన్నేళ్లయింది?"

"మీకెందుకు?"

"గడ్డకట్టి ఉంటుంది మేడమ్. మందు ఎంత పోసినా లాభం లేదు. ఇసుక మార్చి, రెండు రోజులు పంపు ఆపకుండా తిప్పండి. అడుగున పలకలు కనిపించేదాకా తాళం వేసేయండి."

ఏదో కంపెనీ ఏజెంటు అనుకుంది ఆమె.

"ఇలాంటి బేరాలు చాలా చూశాం. బయటికి నడవండి."

"బేరం కాదమ్మా..."

చెప్పి లాభం లేదనుకున్నాడేమో, ప్రాక్టీసు కోసం పిల్లలతో వచ్చిన తల్లుల దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు.

"మీరైనా వినండి తల్లీ."

ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. కనకలక్ష్మికి తల కొట్టేసినట్టయింది.

"సోమయ్యా! చూస్తావేంటి? బయటికి ఈడ్చెయ్!"

వాచ్‌మన్ సోమయ్య రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు. గేటు దగ్గర జీవరాజు తూలి పక్కకు పడ్డాడు. వెంటనే లేవలేదు.

కనకలక్ష్మి చూసింది. చూసి, మొహం తిప్పుకుంది.

"పెద్దమనిషికి జెర గట్టిగనే తాకింది మేడమ్. ఆటోల ఎక్కించిన," అన్నాడు సోమయ్య తర్వాత.

"అంతా నాటకం," అంది.

కానీ తల్లులెవరూ పిల్లల్ని పంపలేదు. పోటీలు వాయిదా పడ్డాయి. చేసేది లేక మెకానిక్‌ని పిలిపించింది. ఫిల్టర్ మూత తీస్తే ఇసుక రాయిలా ఉంది. కొత్త ఇసుక పోసి రెండు రోజులు పంపు నడిపారు.

మూడో రోజు పొద్దున నీళ్లు అద్దంలా మెరిశాయి.

లోతు వైపు, అడుగున, తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పడి ఉంది.

"ఇదెప్పుడు పడింది?"

"ఎర్కలేదు మేడమ్. గిన్ని దినాలు ఎవ్వలకు కనబడలే."

అంత కుర్చీ. తన ఏడేళ్ల కూతురంత ఉంది.

కనకలక్ష్మి గేటు రిజిస్టర్‌లో ఆయన రాసిన చిరునామా వెతుక్కుని ఆ సాయంత్రమే చిలకలగూడ వెళ్లింది. జీవరాజు భార్య దేవకృప తలుపు తీసింది. లోపల మంచం మీద ఆయన. తుంటి ఎముక విరిగిందట. ఇక నడవడం కష్టమన్నారట.

"సార్... నేను..." ఆమె మంచం పక్కన నిలబడి చేతులు జోడించింది.

"నీళ్లు తేటపడ్డాయా అమ్మా?" అడిగాడాయన.

తల ఊపింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

వాకిట్లోకి వచ్చాక దేవకృప అంది: "పదకొండేళ్లమ్మా. ఎక్కడ పూల్ ఉందంటే అక్కడికి పరిగెత్తేవారు. తిట్టినా ఊరుకునేవారు కాదు. ఇక ఎవరు వెళ్తారు?"

కనకలక్ష్మి తలెత్తలేకపోయింది. "మీ పిల్లలెవరైనా... అలాంటి నీళ్లలో...?"

"మాకు పిల్లల్లేరు. ఈయన ఈత నేర్పేవారు. మసక నీళ్లలో ఎవరి పాపో మునిగిపోతే పక్కనున్న వాళ్లకు కూడా కనిపించలేదు."

దేవకృప గొంతు తగ్గించింది.

"భయపడుతున్న ఆ పాపను, ఏం కాదులే అని ఆ రోజు నీళ్లలోకి దింపింది ఈయనేనమ్మా."