సెన్సిటివిటీ రెండు

"రెండా!" జనరల్ చీటీని ముక్కుకు దూరంగా పట్టుకున్నాడు. "సెన్సిటివిటీ ఇరవైకి రెండు! వీడు కంట్రోలరు స్టిక్కు తిప్పి శత్రువు వైపు చూసేలోపు, శత్రువు భోంచేసి వచ్చి మరీ కాలుస్తాడు."

పై ఇంటి డెంటిస్టు నవ్వాడు. బావమరిది నవ్వలేదు.

జనరల్ అనే పేరు ఈ తుపాకుల వీడియో గేమ్‌లో ఆయన తనకు తానే పెట్టుకున్నది. ఆఫీసులో ఇన్సూరెన్సు క్లెయిములు తిరగ్గొట్టడం ఆయన పని. ఎదుటివాడిలో లోపం కనిపిస్తేనే ఆయనకు పూట గడిచినట్టుంటుంది.

రేపటి ఫైనల్‌కి జట్టులో ఇద్దరికే చోటుంది. ఆడేవాళ్లు మాత్రం ఆయనతో కలిపి ముగ్గురు. బావమరిదిని ఊరికే తీసేస్తే ఇంట్లో గొడవ. అందుకే ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు: అందరికంటే నాసి అంకెలు వచ్చినవాడు తప్పుకోవాలి. ఆటలోనే ఒక పరీక్ష ఉంది. పావుగంట ఆడించి, ఆ చేతికి ఏ సెట్టింగులు సరిపోతాయో అదే చెబుతుంది. మధ్యాహ్నం ముగ్గురూ ఒక్కొక్కరుగా ఆడారు. ఆట ముగియగానే ఆడినవాణ్ని గది బయటికి పంపేసి, తెర మీది అంకెలను జనరల్ భార్య చీటీల మీద రాసుకుంది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పేర్లు తీసేసి నంబర్లు వేయడం ఆమెకు అలవాటే. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం ఆమె గుప్పిట్లో ఉంది.

"మొదటిది పదిహేడు, గురి కుదరడానికి ఆట చేసే సాయం సున్నా. ఇది ఎవరి చెయ్యో మళ్లీ చెప్పాలా?" జనరల్ తన ఛాతీ తట్టుకున్నాడు. "రెండోది పదకొండు. పళ్లు పీకే చెయ్యి, నిదానంగా ఉంటుంది. ఇక నా చేతిలోని ఈ మూడోది..."

"చాల్లెండి," అంది భార్య.

"ఉండు. సెట్టింగులంటే మనిషి ఎక్స్‌రే. గురికి సాయం పూర్తిగా కావాలట. అంటే పుట్టినప్పట్నుంచీ ఎవరో ఒకరు వేలు పట్టుకుని నడిపించిన రకం. డెడ్ జోన్ చూడండి డాక్టరుగారూ. వేలు వణికినా ఆట పట్టించుకోకుండా వదిలేసే మేర. అదీ ఉన్నంతా కావాలట! లోపలంతా భయం, పైకి బింకం. ఇలాంటివాడు ఓడిన ప్రతిసారీ కంట్రోలరును తిడతాడు."

"మనింటి మనిషినే అంతంత మాటలంటారా?"

"మనింటి మనిషైతే గురి కుదురుతుందా?"

"ఇంకోసారి పరీక్ష పెడదాం. ఇవాళ చెయ్యి బాగోలేదేమో."

"నువ్విలా వెనకేసుకొస్తావు కాబట్టే ఇలా తయారయ్యాడు."

"పోనీ, ఆ రూలే తీసేద్దామండీ. సరదాగా ఆడుకునే ఆటకి ఇదంతా ఎందుకు?"

"రూలంటే రూలే. మూడో చీటీవాడికి నా జట్టులో చోటు లేదు. రేపే కాదు, ఎప్పటికీ లేదు."

బావమరిది తన కంట్రోలరును ఒళ్లో పెట్టుకుని చూశాడు. ఇవాళ చెయ్యి కుదురుగానే ఆడిందని అతనికి అనిపించింది. ఆ మాట పైకి అనబోయాడు కూడా. కానీ ఆరేళ్లుగా వింటున్న ఆ గొంతు ముందు, తన చేతి సాక్ష్యం తనకే నమ్మదగ్గదిగా కనిపించలేదు. ఈ జట్టు కోసమే అతను మూడు నెలలుగా ఆదివారాలన్నీ ఈ గదిలో గడిపాడు. వైరును మెల్లగా కంట్రోలరు చుట్టూ చుట్టడం మొదలుపెట్టాడు.

"నేనే తప్పుకుంటాలే బావా. మీరిద్దరూ ఆడండి."

"చూశారా? పేరు చదవకముందే దొరికిపోయాడు!" జనరల్ డెంటిస్టు వైపు కన్ను గీటాడు. "ఒరేయ్, నిన్ను చూస్తే జాలేస్తోందిరా. ఆ వేళ్లతో ఉద్యోగంలో సంతకమైనా సరిగ్గా పెడతావా?"

బావమరిది లేచాడు. చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచాడు.

"ఆగరా తమ్ముడూ," అంది భార్య.

"ఎందుకు ఆపుతావు? అయినా సరే, పద్ధతి పద్ధతే. డాక్టరుగారు సాక్షి. చదువు, ఎవరిదో పైకి చదువు."

ఆమె గుప్పిట తెరిచింది. చెమటకు కాగితం మెత్తబడిపోయింది. దాన్ని విప్పకుండానే భర్త ముఖంలోకి చూసింది.

"మూడోది మీదండీ."