తొమ్మిదో రీలు

“ఇంటర్వెల్ ఇయ్యరా?” అని చీకట్లోనే అడిగింది వరమ్మ.

“ఇయ్యరు. ఇది ఫెస్టివల్. ఆపకుండ చూపిస్తరు,” అన్నాడు వైకుంఠం.

“గట్లయితె చాయ్ అమ్మేటోళ్ళు ఎట్ల బత్కాలె?”

ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు. మామూలుగా అయితే వైకుంఠం నవ్వేవాడే. ఇవాళ నవ్వు రాలేదు. తెరమీద తొమ్మిదో రీలు నడుస్తోంది. ఇప్పుడు రీళ్ళూ లేవు, డబ్బాలూ లేవు, అంతా కంప్యూటర్లోంచే వస్తుందని మనవరాలు కీర్తిప్రియ చెప్పింది. అయినా ముప్పై ఏళ్ళు టాకీసులో ఆపరేటరుగా పనిచేసిన మనిషికి ఏ రీలు ఎక్కడ అయిపోతుందో ఒంటికే తెలిసిపోతుంది. ఇంకొక్క రీలు. అది కాగానే వరమ్మకు నిజం చెప్పాలి. అందుకే ఆమెను హుస్సేనీ ఆలంలో ఆటో ఎక్కించి, నయాపూల్ దాటించి ఇక్కడికి తీసుకొచ్చాడు.

“ఇన్నేండ్లకు సినిమాకు పిలుస్తున్నవ్, ఏంది కథ?” అని ఇంటికి తాళం వేస్తూ అడిగిందామె. వైకుంఠం ఆటోను పిలిచాడు.

బ్రిటిష్, ఐరిష్ సినిమాల పండుగ ఇది. వారం రోజులు, టికెట్ లేదు. వాలంటీరుగా చేరిన కీర్తిప్రియ సినిమాల జాబితా ఇంటికి తెచ్చింది. అందులో లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఐర్లండు ఆడమనిషి ఫోటో చూడగానే వైకుంఠం తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాడు. నలభై ఏళ్ళ కిందట అతను ఆడించిన సినిమా అది. పాడుచేసిన సినిమా అనడం ఇంకా న్యాయం.

అప్పట్లో పాతబస్తీలోని వాళ్ళ టాకీసులో పొద్దుటాటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. ఆ ప్రింటు బాగా పాతది. డబ్బాల మీద నంబర్లు చెరిగిపోయాయి, ఆఖర్న పేర్లు పడే ముక్క ఎక్కడో తెగిపోయింది. వైకుంఠం పదో రీలు ముందు ఎక్కించి, తొమ్మిదోది ఆ తర్వాత ఎక్కించాడు. ఓడల మీద వస్తూ పోతూ ఉండే మొగుడి కథ అది. అసలు కథలో అతను తొమ్మిదో రీల్లో ఇంటికొస్తాడు, పెళ్ళాం ఏడుస్తూ వాటేసుకుంటుంది. పదో రీల్లో బట్టలు సర్దుకుని పోతాడు, ఇక రాడు. వైకుంఠం చేతి చలవ వల్ల పోయినవాడు తిరిగొచ్చి కథ సుఖాంతమైంది. ఇంగ్లీషు సినిమా కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. జనం కళ్ళు తుడుచుకుంటూ సంతోషంగా పోతుంటే మేనేజరు, “గట్లనే నడ్పు” అన్నాడు. వారమంతా అట్లాగే నడిచింది.

లేడీస్ గేటు దగ్గర టికెట్లు చింపే వరమ్మ కూడా ఆ సినిమా చూసింది. భివండీకి మగ్గాల పనికి పోతున్నానని చెప్పి వెళ్ళిన ఆమె పెనిమిటి అప్పటికి రెండేళ్ళుగా అజాపజా లేకుండా ఉన్నాడు. వైకుంఠానికి ఆమె అంటే ప్రాణం. నన్ను చేసుకుంటావా అని అడగడానికి ధైర్యం కూడదీసుకుంటున్న రోజులవి. ఆట వదిలాక వరమ్మ ఎదురొచ్చి, “చూసినవా ఆపరేటర్ సాబ్, పోయినోడు వచ్చిండు. మా ఆయన గూడ వస్తడు” అన్నది.

నిజం చెబితే ఆమె ఆశ తెగుతుంది. పైగా తన స్వార్థం కోసమే తెంపాడనుకుంటుంది. అట్లా అనుకుని ఊరుకున్నాడు. ఆమె మాత్రం నెలకోసారైనా అడిగేది.

“ఆఖరికి ఆయన వస్తడు గద, ఆపరేటర్ సాబ్?”

“వస్తడు.”

“ఖాయమేనా?”

“ఖాయం.”

ఐదేళ్ళు అడిగింది. వైకుంఠం తన పెళ్ళి పత్రిక ఇవ్వడానికి పోయినరోజు కూడా, పత్రిక చేతిలో పట్టుకుని అదే అడిగింది. “వస్తడు వరమ్మా,” అన్నాడు ఆమె ముఖం చూడకుండా. ఆ తర్వాత ఆమె ఎన్నడూ అడగలేదు.

అతని భార్య పోయి మూడేళ్ళయింది. వరమ్మ మాత్రం అదే ఒంటిగదిలో చీరలకు ఫాల్సు కుట్టుకుంటూ ఒక్కతే ఉండిపోయింది. తన అబద్ధాన్ని నమ్ముకుని ఒక మనిషి బతుకంతా గుమ్మంలోనే గడిచిపోయిందని వైకుంఠం లోలోపల కుమిలిపోతూనే ఉన్నాడు.

తెరమీద మొగుడు ఓడెక్కాడు. ఆడమనిషి లాంతరు ఆర్పి తలుపేసుకుంది. హాల్లో లైట్లు వెలిగాయి. ఇద్దరూ బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నారు.

“వరమ్మా, ఆయన రాలె, చూసినవా?”

“చూసిన.”

“అప్పుడు రీళ్ళు ఉల్టా ఎక్కించింది నేనే. చెప్దామని మస్తుసార్లు మీ గల్లీ దాంక వచ్చి వాపస్ పోయిన. నా మాట నమ్మి నీ జిందగీ అంత పాయె. తిట్టు, కొట్టు, ఏమన్న పడ్త.”

వరమ్మ తిట్టలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“రీళ్ళ సంగతి నాకెర్కనే,” అన్నది.

“ఏంది?”

“మర్సటి వారం గదే సినిమా మలక్‌పేటల ఆడింది. పోయి చూసిన. పోయినోడు రాలె. మా ఆయన గూడ రాడని గా దినమే సమజైంది.”

వైకుంఠం ఆమె వైపు తిరిగాడు.

“ఎర్కుండి మరి, వస్తడా వస్తడా అని ఐదేండ్లు నన్నెందుకు అడిగినవ్?”

వరమ్మ రోడ్డుమీద పోయే ఆటోల వైపు చూసింది.

“రాడని నువ్వంటె, నీతోని వద్దామని.”