గాలికి అడ్డం

ఎస్సవీరా సముద్ర తీరంలో పడవ పందేలను వీడియో తీయడానికి నాకూ, నాతో పనిచేసే హమ్మూకీ ఒకటే కెమెరా, ఒకటే స్టాండు. పొద్దున హమ్మూ వంతు, మధ్యాహ్నం నాది. వాడు తీసిన బొమ్మ రాయిలా నిలిచేది. నాది గాలికి గజగజ వణికేది. "హమ్మూని చూసి నేర్చుకో," అనేవాడు యజమాని. నాకు కడుపు మండేది.

వాడి కిటుకు కనిపెట్టాలని రోజూ సముద్రం వైపు, వాడి పక్కనే నిలబడి చూసేవాణ్ణి. స్టాండు కాళ్లు కుదించి, కింద ఇసుక సంచీ కట్టేవాడు. నేనూ అంతే చేసేవాణ్ణి. అయినా వణుకే.

నిన్న వాడి మొహం చూడబుద్ధికాక వెళ్లలేదు.

సాయంత్రం హమ్మూయే ఇంటికొచ్చాడు. "నువ్వు లేక ఇవాళ బొమ్మంతా వణికిపోయిందన్నా. రోజూ గాలికి అడ్డంగా గోడలా నిలబడతావు, ఎంత మంచి మనసో నీది! నాకు నీ అంత ఒళ్లు లేదు గానీ, రేపట్నుంచి నీ వంతుకి నేనూ నిలబడతా."